మన గృహములందలి లోహపు వన్నెలు

గృహము కట్టించువారు నేడు మనవారి దుకాణములకు వచ్చి వేయు ప్రశ్నలలో నొకటి మిక్కిలి క్రొత్తది. తలుపుపిడులకును, బందులకును, గడియలకును, స్నానగృహపు కుళాయిలకును ఇత్తడివన్నె బాగుండునా, కంచువన్నె బాగుండునా, రాగివన్నె బాగుండునా, లేక గులాబిబంగారమని వాడుకలోనికి వచ్చిన వన్నె బాగుండునా యని వారు అడుగుదురు. మన తాతల కాలమున ఇట్టి ప్రశ్న లేదు. అప్పటి గృహస్థుడు "ఇత్తడిది కావలెను" అనెడివాడు. ఇప్పటి గృహస్థుడు "ఇత్తడివన్నెది కావలెను" అనుచున్నాడు. ఈ రెండు మాటల నడుమ వచ్చి చేరిన "వన్నె" యను చిన్న పదము వెనుక సుమారు రెండువందల యేండ్ల చరిత్ర కలదు. ఈ సంచికను చదువువారిలో కొందఱు లోహము పనిచేయువారును, కొందఱు ఆ పనిని కొని మనలను పోషించువారును అగుటచే, ఆ చరిత్రను ఉభయులకును ఉపయోగపడునట్లు ఇచట వ్రాయ సంకల్పించితిమి.

పంచవృత్తులలో ఇనుము మనుసంతతికిని, కొయ్య మయసంతతికిని, రాగి కంచు ఇత్తడులు త్వష్టృసంతతికిని, శిల శిల్పిసంతతికిని, బంగారము విశ్వజ్ఞసంతతికిని చెందినవని మన సంప్రదాయము. ఒక సింహద్వారము నిలుచుటకు ఈ యైదింటిలో నాలుగు చేతులు కావలెను. రాతిగడప శిల్పిది, ద్వారబంధమును తలుపును వడ్రంగివి, మేకులు కమ్మరివి, గుబ్బలును ఉంగరములును కంచరివి. కట్టించువాడు మిక్కిలి కలవాడైనచో గుబ్బలకు బంగారునీరు పట్టించుటకు కంసాలియు వచ్చెడివాడు. అయితే ఒక సంగతి దాచక చెప్పవలెను. సామాన్యుల యిండ్ల తలుపులకు ఇనుపగొళ్ళెమే యుండెడిది. ఇత్తడి తొడుగులును గుబ్బలును దేవాలయములందును, దివాణములందును, కలవారి మండువా లోగిళ్లయందును మాత్రమే కనబడెడివి. పూర్వము ప్రతి యింటి వాకిటను ఇత్తడి మెఱసెడిదని కొందఱు వక్తలు సభలలో చెప్పు మాట అభిమానము వలన పుట్టినది. సామాన్యుని యింట ఇత్తడి బిందెగను, చెంబుగను, దీపపు సెమ్మెగను ఉండెను, తలుపుపై లేదు.

ఈ మూడు లోహములలో రాగి మొదటిది, మన సీమలోనే దొరకినదియును. నెల్లూరు సీమయందలి గరిమెనపెంట కడ పూర్వపు రాగిగనుల త్రవ్వకములు కలవు. కంపెనీ కొలువునందుండిన వైద్యుడు బెంజమిన్ హైన్ 1814లో లండనున ప్రకటించిన గ్రంథమున ఆ ప్రాంతపు గనులను గూర్చి వ్రాసియున్నాడు. పలనాటి అగ్నిగుండాలయందును రాగిఖనిజము కలదు. రాగి మెత్తనిది, సుత్తెకు లొంగును, ఉలికి లొంగును, తుప్పుపట్టి రాలిపోదు. ఈ గుణములను జూచియే రాజులు దానములను శాసించుటకు దీనిని కోరిరి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చూచినవారు ఎఱుగుదురు: రేకులను ఒక వలయమునకు గ్రుచ్చి, ఆ వలయపు కొనలను వరాహలాంఛనమును "శ్రీ త్రిభువనాంకుశ" యను బిరుదమును గల ముద్రతో బిగించిరి. వేయేండ్లు గడచినను అక్షరములు చదువుటకు వీలుగా నున్నవి. తాళ్లపాకవారి సంకీర్తనలను తిరుమలయందు రెండువేలకు పైబడిన రాగిరేకులపై చెక్కించుటకును ఇదియే కారణము. ఉలి పట్టిన ఆ చేతుల పేర్లు చాలవఱకు మఱుగుపడినవి; అవి చేసిన పని మాత్రము నిలిచినది.

కాని అక్షరమునకు అనుకూలమైన గుణమే గడియకు ప్రతికూలము. స్వచ్ఛమైన రాగితో చేసిన గడియ వంగును, పిడి సొట్టపడును, మరచుట్లు అఱిగిపోవును. అందుచే రాగిని మన పెద్దలు నీటిబిందెకును, విమానపు రేకునకును, కలశమునకును వాడిరి గాని రాపిడి పడు తావులలో వాడలేదు. రాగివన్నె కోరువారు ఎఱుగవలసిన సంగతి మఱియొకటి కలదు. ఆ యెఱుపు నిలుకడ లేనిది. చేయి తగిలిన చోట కొలది దినములలోనే నల్లబడును; వానకు తడిసిన చోట ఏండ్లు గడచినకొలది పచ్చని చిలుము కట్టును. 1886లో న్యూయార్కు రేవున నిలిపిన స్వాతంత్ర్య దేవతా విగ్రహము రాగిరేకుల పనియే. అది నిలిపిననాడు ఎఱ్ఱగా నుండి కొన్ని దశాబ్దములకే పచ్చబడినది. ఆ చిలుము లోని లోహమును కాపాడును గావున దోషము కాదు. కాని ఎఱుపును చూచి డబ్బిచ్చినవానికి ఆ మాట ముందే చెప్పుట అమ్మువాని ధర్మము.

రాగిలో తగరము చేరినచో కంచు. 13వ శతాబ్దపు దనబడు రసరత్నసముచ్చయమున ఎనిమిది పాళ్ల రాగికి రెండు పాళ్ల తగరమని కొలత చెప్పబడినది. నేటి రసాయనశాలలలో పరీక్షించిన గంటలును తాళములును ఇంచుమించుగా అంతియే, అనగా నూటికి ఇరువది మొదలు ఇరువదిమూడు వఱకు తగరము గలవిగా తేలినవి. తగరము మన సీమయందు దొరకదు; మలయా దేశము నుండి ఓడలపై వచ్చెడిది. కావున కంచు ఎల్లప్పుడును ప్రియమైనదే. అంత తగరము గల కంచు చల్లారినపుడు గాజువలె పెళుసు. దానిని ఎఱ్ఱగా కాల్చి సుత్తెతో సాగగొట్టి, ఆ కాకమీదనే నీటిలో ముంచినచో పెళుసుతనము తగ్గును. ఈ రహస్యము తెలిసినవారే పలుచని కంచములను, ఖంగుమని మ్రోగు తాళములను చేయగలిగిరి. విగ్రహములకు మాత్రము తగరము తక్కువగా కలిపెడివారు. గుంటూరు సీమలోని బుద్ధపాడున దొరకి నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్న బుద్ధవిగ్రహములు మన తీరమున పోతపని ఎంత పూర్వమే పక్వమునకు వచ్చినదో చూపుచున్నవి.

కంచుతో తలుపుగడియ ఎందుకు చేయలేదని యడుగువారికి సమాధానము ఈ పెళుసుతనమే. గాలికి తలుపు కొట్టుకొన్నచో గంటకంచు పగులును. ఇక నేడు దుకాణములలో కంచువన్నె యని అమ్మునది నల్లనికి దగ్గఱగా నుండు గోధుమవన్నె. నిజమైన గంటకంచు క్రొత్తగా మెఱుగుపెట్టినపుడు అట్లుండదు. లేతపసుపుగా, కొంచెము తెలుపు కలసినట్లుండును. ఆ నల్లని వన్నె చిరకాలము గాలికిని చేతితాకునకును గుఱియైన లోహమునకు వచ్చునది. దానిని మందులలో ముంచి ఒక్క పూటలో తెప్పించుచున్నారు. చూచుటకు ఇంపుగనే యుండును. కాని అది కంచు యొక్క వన్నె కాదు, కాలము యొక్క వన్నె.

ఇత్తడి చరిత్ర ఈ రెంటికంటె చిత్రమైనది. రాగిలో తుత్తునాగము, అనగా యశదము, చేరినచో ఇత్తడి యగునని నేడు బాలురకును తెలియును. కాని యశదమును ఖనిజము నుండి తీయుట పూర్వము దుస్సాధ్యముగా నుండెను. రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడిమి కావలెను. యశదము 907 డిగ్రీలకే ఆవిరియై పోవును. కొలిమిలో వేసిన ఖనిజము నుండి లోహము పుట్టిన క్షణముననే పొగయై యెగిరిపోయినచో కంచరి ఏమి చేయగలడు? అందుచే రాగిముక్కలను, యశదపు మట్టిని, బొగ్గును మూతబిగించిన మూసలో నుంచి కాల్చి, పుట్టిన ఆవిరి రాగిలోనికి ఇంకునట్లు చేసిరి. ఈ పద్ధతిని నూటికి ఇరువది యెనిమిది పాళ్లకు మించి యశదము రాగిలో చేరుట అరుదు.

ఆవిరిని పట్టి లోహముగా దించు ఉపాయమును పెద్దయెత్తున సాధించినవారు రాజస్థానమున ఉదయపురమునకు చేరువనున్న జావరు గనుల పనివారు. వంకాయ ఆకారము గల మట్టిమూసలను తలక్రిందులుగా నిలిపి, పైన మంట పెట్టి, క్రిందికి దిగిన ఆవిరిని చల్లార్చి లోహమును పట్టిరి. రసరత్నసముచ్చయమునను వంకాయ వంటి మూసయే వర్ణింపబడినది. బ్రిస్టలు నగరమున విలియం చాంపియన్ యశదమును ఇట్లు దించుటకు పేటెంటు పొందినది 1738లో. జావరు పనివారు అంతకు కొన్ని శతాబ్దములు ముందువారు. గర్వింపదగిన విషయమే, కాని జావరు మన తెలుగు కంచరుల సీమ కాదనియు, ఆ కీర్తి అచటివారిదనియు ఒప్పుకొనుట మర్యాద. మనకు దక్కినది పేరు. చీనా నుండి వచ్చు ఈ లోహమును కంపెనీవారు తమ లెక్కలలో "టూటెనాగ్" అని వ్రాసికొనిరి. అది మన తుత్తునాగమే.

యశదము విడిగా దొరకిన పిమ్మట కంచరి చేతికి వన్నెలపెట్టె దొరకినట్లైనది. నూటికి పది పాళ్లు కలిపినచో ఎఱుపు దేఱిన బంగారుచాయ. ముప్పది కలిపినచో స్వచ్ఛమైన పసుపు. నలువది కలిపినచో మరల కొంచెము ఎఱుపు కలసిన పసుపు. వన్నెతో పాటు గుణమును మాఱును. ముప్పది పాళ్ల ఇత్తడి చల్లగా నున్నపుడే సుత్తెక్రింద సాగును. కావున రేకుపనికిని చెంబులకును అనుకూలము. నలువది పాళ్లది కాకమీద లొంగును, పోతకు మంచిది. బర్మింగుహామున జార్జి మంట్జు ఓడల అడుగునకు తొడుగుగా 1832లో పేటెంటు పొందినది ఈ నలువది పాళ్ల ఇత్తడియే. బందులకును గడియలకును కావలసిన గుణములు, అనగా మూసమూలలకు నిండుగా ప్రవహించుట, మరచుట్లు నిలుచుట, తుప్పుపట్టకుండుట, ఇనుముతో రాచుకొన్నను కొఱుకుడు పడకుండుట, ఇవన్నియు ఒకచోట చేరినది ఇత్తడిలోనే. పుత్తడితో పోల్చి ఇత్తడిని చులకన చేయుట మనవారి వాడుక. ద్వారము కడ ఆ తూకము చెల్లదు. మేలిమి బంగారముతో గడియ చేయించినవాడు నెల దిరుగకముందే దానిని మరల కొలిమికి పంపవలసి వచ్చును.

ఇక పూతల సంగతి. పూత యనగానే మోసమని తలంచుట సరికాదు. తిరుమల ఆనందనిలయ విమానమునకు శ్రీకృష్ణదేవరాయలు 1518లో బంగారుపూత వేయించెను. లోపలిది రాగియని అందఱకు తెలియును. శాసనమును పూత వేయించెననియే చెప్పుచున్నది. మన యిండ్లలో ఇత్తడిగిన్నెలకు కళాయి పూయించుట చింతపండు పులుసు రాగిని కొఱికి విషము చేయకుండుటకు. ఆంగ్లదేశమున ఇత్తడి సామానుల మెఱుగు చెడకుండుటకు లక్కను సారాయములో కరగించి పూసెడివారు. ఆ లక్క మన దేశమునుండి పోయినదే. ఈ మూడు పూతలయందును లోని లోహము మంచిదే, పూతకు ఒక పని కలదు, ఆ పని యేమో కొనువానికి తెలియును.

1840లో బర్మింగుహామునందలి ఎల్కింగ్టనులు విద్యుత్తుచే లోహపుపూత వేయు విధానమునకు పేటెంటు పొందిరి. అప్పటినుండి పూత మిక్కిలి పలుచనయ్యెను, చవుకయు అయ్యెను. 1929లో అమెరికాయందలి న్యూజెర్సీ జింకు కంపెనీవారు యశదమున కొంచెము అల్యూమినియము కలిపిన "జమాక్" అను పోతలోహమును తెచ్చిరి. అది తక్కువ వేడిమికే కరగి, యంత్రపు మూసలలో క్షణములో పిడియై వెలువడును. దానిపై పలుచగా ఇత్తడిని పూసినచో చూపునకు ఇత్తడిపిడియే. వన్నెయు వస్తువును విడిపోయినది ఇచటనే. ఇటీవలి దశాబ్దములలో శూన్యపేటికలో టైటేనియము నైట్రైడునో జిర్కోనియము నైట్రైడునో అతిసూక్ష్మమైన పొరగా దించు పద్ధతి వచ్చినది. మొదటిది బంగారుచాయ నిచ్చును, రెండవది ఇత్తడిచాయ నిచ్చును. ఈ పొర చాల గట్టిది, సులభముగా గీతలు పడదు. దీనిని మేము నిందింపము. దాని క్రింద నిజమైన ఇత్తడి యున్నచో స్నానగృహమునకు ఇంతకంటె తగినది లేదనియే చెప్పుదుము. క్రింద జమాకు ఉండి, తేమ సందులో దూరినచో లోపల పొంగి, పైపొర పొక్కి యూడును.

పేళ్లును ఈ కాలముననే చెదరినవి. విదేశపు వర్తకమున "కమర్షియల్ బ్రాంజు" అను దానిలో తొంబది పాళ్లు రాగి, పది పాళ్లు యశదము, తగరము లేదు. "ఆర్కిటెక్చరల్ బ్రాంజు" అను దానిలో నలువది పాళ్ల యశదమును కొంచెము సీసమును కలవు. రెండును మన మాటలో ఇత్తడులే. న్యూయార్కునందు 1958లో పూర్తియైన సీగ్రాము భవనమును చూచి దాని కంచుపనిని పొగడువారు పొగడునది ఈ జాతి ఇత్తడినే! మన కంచరి తిత్తికడ కూర్చుండి ఇట్టి పేరు పెట్టియుండినచో ఊరివారు వానిని నిలదీసియుందురు. రసరత్నసముచ్చయకారుడు ఇత్తడిలోనే రీతిక, కాకతుండి యని రెండు తెగలను చెప్పి, కాల్చి పులికడుగులో ముంచినపుడు రాగివన్నె వచ్చినది మొదటిదనియు, నల్లబడినది రెండవదనియు పరీక్ష కూడ చెప్పెను. పేరు పెట్టినవాడు పరీక్షయు చెప్పుట ఆనాటి మర్యాద.

ఈ మార్పుల నడుమ మనవారి స్థితి యేమయ్యెనో వేఱుగా చెప్పనక్కఱలేదు. 1898లో మదరాసు చిత్రకళాశాలయందు ఆల్ఫ్రెడ్ చాటర్టను అల్యూమినియపు పాత్రల తయారీని ప్రారంభించినపుడు అది వేడుకగా తోచెను. తరువాత ఆ పాత్రలు, వాని వెనుక తుప్పుపట్టని ఉక్కు, దాని వెనుక ప్లాస్టికు బిందెలు వచ్చి ఇత్తడి చెంబును అటకయెక్కించినవి. తాళములు అలీగఢము నుండియు, ఇత్తడి సామాను మొరాదాబాదు నుండియు, మరలును చిన్న భాగములును జామునగరము నుండియు వచ్చుచున్నవి. తాతపేరు కంచరియై, తాను ఉద్యోగియో డ్రైవరో అయిన యువకులు ప్రతి జిల్లాలోను కలరు. వారిని తప్పుపట్టుట తగదు. అయితే వంటయింట పోయిన ఇత్తడి తలుపుకడకును దీపముకడకును మరల వచ్చుచున్న ఈ తరుణమున, వచ్చునది ఇత్తడి కాక ఇత్తడివన్నె మాత్రమే యైనచో, మన కొలిముల కేమియు మిగులదు. పోషకుల ధనమును పొక్కులపాలే యగును.

కట్టించువారికి మా యభిప్రాయము నిట్లు మనవి చేయుచున్నాము. సింహద్వారమునకు నిండైన ఇత్తడి, పైన ఏ పూతయు లేనిది, అన్నిటికంటె మేలు. చేయి తగులు చోట మెఱయుచు, తగులని చోట ముదురుచు అది యింటివారితో పాటు పెద్దదగును. 1983లో అమెరికాయందు ఫిలిస్ కూన్ అను పరిశోధకురాలు ఆసుపత్రి తలుపుపిడులను పరీక్షించి, ఇత్తడిపై సూక్ష్మజీవులు నశించుటయు, తుప్పుపట్టని ఉక్కుపై నిలుచుటయు ప్రకటించెను. 2008లో ఆ దేశపు ప్రభుత్వమును రాగి మిశ్రమములకు ఈ గుణమును అంగీకరించినది. లక్కనో మఱియొక పూతనో పూసినచో ఆ గుణము మఱుగుపడును. ఇత్తడి బందులకు ఇత్తడి మరమేకులనే వేయించవలెను. ఇనుప మరమేకు ఇత్తడి సాంగత్యమున, తేమ తగిలినచో, త్వరగా తుప్పుపట్టి తలుపుపై ఎఱ్ఱని చాఱలు దింపును.

సముద్రతీరపు ఊళ్లలో ఉప్పునీరు తగులు కుళాయిలకు మాత్రము సామాన్యపు ఇత్తడి చాలదు. యశదము క్రమముగా కఱవై, గుల్లవంటి ఎఱ్ఱని రాగి మిగిలి, ఒకనాడు చేతిలోనే విఱుగును. అచట ఎనుబదియెనిమిది పాళ్ల రాగి, పది తగరము, రెండు యశదము గల ఫిరంగికంచు గాని, కొంచెము పాషాణము కలిపి ఈ వ్యాధికి తట్టుకొనునట్లు చేసిన ఇత్తడి గాని అడుగవలెను. త్రాగునీటి కుళాయియైనచో సీసము తక్కువదా యని కూడ అడుగుట మంచిది. తేలికగా కోతకు వచ్చుటకై ఇత్తడిలో సీసము కలుపుట వాడుక. రాగిని దీపపు గొడుగులకును, గోడపలకలకును, చేయి తఱచు తగులని వానికిని ఉంచవలెను. ఒక్క చూపున కనబడు వస్తువులలో రెండు లోహములు చాలును; మూడైనచో అంగడివలె నుండును.

పరీక్షలు కష్టమైనవి కావు. అయస్కాంతము అంటుకొన్నచో లోపల ఇనుము. అంటుకొననిచో ఇత్తడి కావచ్చును, జమాకును కావచ్చును. అపుడు వెనుకవైపున కనబడని చోట సూదితో గీచి చూడవలెను. గీత పసుపైనచో ఇత్తడి, తెలుపైనచో జమాకు. బరువును చెప్పును: నీటికంటె ఇత్తడి ఎనిమిదిన్నర రెట్లు, జమాకు సుమారు ఆఱున్నర రెట్లు బరువు. పూతగల సామానును చింతపండుతో తోమరాదు. చింతపండు పులుపు నిండైన ఇత్తడిపై నల్లదనమును కరగించి మెఱుగు తెచ్చును; పలుచని పూతపై అదియే పూతను తినివేయును. పనివారికి ఈ సంగతి చెప్పకపోవుట వలన క్రొత్తయింటి పిడులు మొదటి పండుగకే మచ్చలుపడిన యిండ్లను మేము పెక్కింటిని చూచితిమి.

మన సీమలో నేటికిని ఈ పని నిలిచియున్న చోట్లు కలవు. జనగామ జిల్లా పెంబర్తివారు ఇత్తడిరేకుపై ఎత్తుపని చేయుటలో ప్రసిద్ధులు. కాకతీయుల నాటినుండి రథములకును ద్వారములకును తొడుగులు చేసిన వంశములని ప్రతీతి. వారి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను. శ్రీకాకుళపు బుడితివారి ఇత్తడి కంచు పనులకును అట్టి గుర్తింపు కలదు. తూర్పుగోదావరి అజ్జరమున ఇత్తడి పాత్రలు చేయుచున్నారు. ఇట్టివారికి పని చెప్పువారు పిడి కొలతతో పాటు తలుపు మందమును, తలుపు కుడికి తెఱచునో ఎడమకు తెఱచునో కూడ వ్రాసి యీయవలెను. పోత పోసిన పిమ్మట ఆ తేడా దిద్దుటకు వీలులేదు. పూజగది తలుపునకు చిన్నగంటలు కోరువారు లెక్కను బట్టి గాక మ్రోతను బట్టి కొనవలెను. గంటను దారమున వ్రేలాడదీసి పుల్లతో తట్టినచో ఇత్తడిది వెంటనే అణగును. కంచుది చేయి దించిన తరువాతను కొంతసేపు వినబడుచునే యుండును.